ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కంట్రోల్ మాడ్యూల్: అపోహలు – వాస్తవాలు

అపోహ: గేర్లు మార్చేది మాడ్యూలే కనుక గేరు సరిగా పడకపోతే లోపం దానిదే.

వాస్తవం: మాడ్యూల్ అంటే గేర్‌బాక్స్‌ను నియంత్రించే చిన్న కంప్యూటర్, అది ఏ గేరునూ తాకదు. అది వాల్వ్ బాడీలోని (ఆయిల్ దారులుండే భాగం) సోలనాయిడ్లకు, అంటే కరెంటుతో కదిలే వాల్వ్‌లకు, కరెంటు పంపుతుంది, ఆపుతుంది, లేదా వేగంగా వేసి తీస్తూ దాని మోతాదును నియంత్రిస్తుంది. సోలనాయిడ్ కదలికతో ఆయిల్ దారి మారుతుంది, ఆ ఆయిల్ ఒత్తిడికి క్లచ్ ప్లేట్లు బిగుస్తాయి, అప్పుడే గేరు పడుతుంది. పడిందో లేదో మాడ్యూల్‌కు నేరుగా కనిపించదు. గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్టు వేగాన్ని, బయటికి పోయే షాఫ్టు వేగంతో భాగించి అది లెక్క కడుతుంది. ఉదాహరణకు ఒక గేరు నిష్పత్తి 1.5 అనుకుందాం. లోపలి షాఫ్టు 3000 ఆర్‌పీఎం, బయటిది 2000 ఆర్‌పీఎం ఉంటే లెక్క సరిపోయింది. అదే సమయంలో లోపలిది 3300 చూపితే నిష్పత్తి 1.65కు చేరింది కాబట్టి, క్లచ్ జారుతోందని మాడ్యూల్ నిర్ధారణకు వస్తుంది. వేగం చెప్పే సెన్సర్ తప్పు చెప్పినా అది ఇదే నిర్ధారణకు వస్తుంది!

అపోహ: స్కానర్ (మాడ్యూల్‌లో నమోదైన లోపాల కోడ్‌లను చదివే పరికరం) చూపిన కోడే పాడైన భాగం పేరు.

వాస్తవం: పీ0700 అనే కోడ్ గేర్‌బాక్స్ మాడ్యూల్‌లో వేరే కోడ్ ఉందని మాత్రమే తెలుపుతుంది, అసలు కోడ్‌ను ఆ మాడ్యూల్‌లోనే చదవాలి. సోలనాయిడ్ సర్క్యూట్ కోడ్ వచ్చిందంటే తీగ తెగి ఉండవచ్చు, షార్ట్ అయి ఉండవచ్చు, కనెక్టర్ పిన్ను వదులై ఉండవచ్చు, కాయిల్ (సోలనాయిడ్‌లోని తీగ చుట్ట) కాలి ఉండవచ్చు. లోహపు రజను ఇరుక్కుని సోలనాయిడ్ వాల్వ్ బిగుసుకుపోయినా కాయిల్ బాగుంటే సర్క్యూట్ పరీక్షలో అది బయటపడదు, నిష్పత్తి తప్పినప్పుడే తెలుస్తుంది. అందుకే భాగాలు మార్చే ముందు బ్యాటరీ వోల్టేజీ, ఎర్త్, కనెక్టర్ చూడటం మేలు. కొన్ని వాహనాల్లో గేర్‌బాక్స్ ఆయిల్ తీగల వెంట పాకి మాడ్యూల్ కనెక్టర్ దాకా చేరుతుంది. కనెక్టర్ విప్పగానే పిన్నుల మధ్య ఎర్రటి తడి కనిపిస్తే ముందు అది ఎటునుంచి వస్తోందో వెతకాలి. స్కానర్ ఆ తడిని చూపదు.

అపోహ: బ్యాటరీ వైరు కాసేపు తీసి పెడితే మాడ్యూల్ నేర్చుకున్నదంతా చెరిగిపోతుంది.

వాస్తవం: కొన్ని పాత మాడ్యూళ్లలో అది నిజమే. చాలా మాడ్యూళ్లు నేర్చుకున్న విలువలను కరెంటు లేకున్నా నిలిచే మెమరీలో దాచుకుంటాయి. క్లచ్ ప్లేట్లు అరిగేకొద్దీ వాటి మధ్య సందు పెరిగి, దాన్ని నింపడానికి ఎక్కువ ఆయిల్ పడుతుంది. ఆ మేరకు మాడ్యూల్ నింపే సమయాన్ని కొద్దికొద్దిగా సవరించుకుంటుంది. గేర్‌బాక్స్ విప్పి కొత్త ప్లేట్లు వేశాక ఈ పాత సవరణలే మిగిలిపోతే క్లచ్ ముందుగానే బిగిసి గేరు కుదుపుతో పడుతుంది. మరమ్మతు బాగా చేసినా వాహనం ఫిర్యాదుతో తిరిగి రావడానికి ఇదొక కారణం. స్కానర్‌తో ఆ విలువలను చెరిపి, వాహన తయారీదారు చెప్పిన వేడికి ఆయిల్ చేరాక, నిర్ణీత పద్ధతిలో నడిపి మళ్లీ నేర్పాలి.

అపోహ: ఒకే గేరులో నిలిచిపోతే గేర్‌బాక్స్ పని అయిపోయినట్లే.

వాస్తవం: కాదు, చాలాసార్లు అది రక్షణ చర్య. మాడ్యూల్ సోలనాయిడ్లకు కరెంటు ఆపేసినప్పుడు హైడ్రాలిక్ వ్యవస్థ తనంతట తాను ఇవ్వగల గేరే మిగులుతుంది. ఒక్క సెన్సర్ తీగ తెగినా ఇలా జరగవచ్చు.

అపోహ: గేరు కుదుపుతో ఇంజిన్‌కు సంబంధం లేదు.

వాస్తవం: ఎంత ఒత్తిడితో క్లచ్ బిగించాలో మాడ్యూల్ ఇంజిన్ టార్క్‌ను (తిప్పే బలాన్ని) బట్టి నిర్ణయిస్తుంది, ఆ టార్క్ విలువను ఇంజిన్ మాడ్యూల్ పంపుతుంది. పైగా గేరు మారే క్షణంలో టార్క్ తగ్గించమని అడిగితే, పెట్రోల్ ఇంజిన్ స్పార్క్‌ను ఆలస్యం చేసి సహకరిస్తుంది. గాలి కొలిచే సెన్సర్ తప్పు చెబితే టార్క్ లెక్క తప్పుతుంది, దానితోపాటు క్లచ్ ఒత్తిడీ తప్పుతుంది. కనుక గేర్‌బాక్స్ దించే ముందు ఇంజిన్ కోడ్‌లను కూడా చదవాలి.

అపోహ: అదే మోడల్ వాహనం నుంచి తీసిన పాత మాడ్యూల్ బిగిస్తే సరిపోతుంది.

వాస్తవం: చాలా వాహనాల్లో దాన్ని ఆ బండికి ప్రోగ్రామ్ చేయాలి. కొన్ని గేర్‌బాక్సుల్లోనైతే ఫ్యాక్టరీలో ఒక్కో సోలనాయిడ్‌ను కొలిచి, ఎంత కరెంటుకు ఎంత ఒత్తిడి ఇస్తుందో ఆ వివరాన్ని మాడ్యూల్‌లో నమోదు చేస్తారు. అలాంటి చోట వేరే గేర్‌బాక్స్ విలువలున్న మాడ్యూల్ ఎంత బాగున్నా గేర్లు కుదుపుతోనే పడతాయి.