పెద్ద ప్లీడరు గారిని పెట్టాం కదా, ఇంకా భయం దేనికి?

"మేడం గారూ, మేం పెద్ద ప్లీడరు గారినే పెట్టామండి. మళ్లీ ఈ నోటీసేంటండి?"

అమలాపురం కోర్టు వరండాలో ఒక పెద్దాయన నన్ను ఆపి అడిగిన మాట ఇది. లంక ఊరి రైతు. ఏటిగట్టు దాకా నడిచి, ఆటో పట్టుకుని, కోర్టు తెరవకముందే వచ్చి కూర్చున్నారు. చీరల షాపు కవరులోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టారు. అది ఈపీ నోటీసు, అంటే తీర్పు అమలు చేయించమని వేసిన పిటిషన్ నోటీసు. ప్రామిసరీ నోటు దావాలో ఆయన మీద ఎక్స్‌పార్టీ డిక్రీ (ఆయన వైపు మాట వినకుండానే ఇచ్చిన తీర్పు) అయ్యి ఏడాదిన్నర దాటింది. అప్పిచ్చినాయన ఇప్పుడు కొబ్బరి తోట జప్తుకి వచ్చాడు. ఈయనేమో దావా ఇంకా నడుస్తోందనే అనుకుంటున్నారు.

ఫీజు ఇచ్చారు, వకాలత్ (నా తరఫున మీరు నిలబడండని ప్లీడరుకి ఇచ్చే కాగితం) మీద సంతకం పెట్టారు, ఇక ఆయనే చూసుకుంటారని ఇంటికి వెళ్లిపోయారు. ఆఫీసులో రాయించిన ఫోన్ నంబరు కొడుకుది. కొడుకు కువైట్ వెళ్లాక ఆ నంబరు పనిచేయలేదు. కబురు అందలేదు, దావాకి జవాబుగా వేయాల్సిన రిటన్ స్టేట్‌మెంట్ పడలేదు.

అదే కవరు అడుగున ఇంకో కాగితం కనిపించింది. నోటుబుక్కులోంచి చింపిన రూళ్ల కాగితం. మూడు విడతలుగా ముట్టిన డబ్బు, తేదీలు, కింద సంతకం, అంతా అప్పిచ్చినాయన చేతిరాతే. ఇది ప్లీడరు గారికి చూపించారా అని అడిగాను.

"లేదండి. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అంత పెద్దాయనకి అన్నీ తెలుసుంటాయనుకున్నానండి."

ఇరవై రెండేళ్లుగా ఈ కోర్టుల్లో తిరుగుతున్నాను. జనం నోట విన్న అపోహల్లో ఇన్ని కొంపలు ముంచినది ఇంకోటి లేదు. పేరున్న ప్లీడరుని పెడితే సగం గెలిచినట్టే, మన పని అయిపోయినట్టే అనుకుంటారు. అందుకే ఈ పోస్టులో ఎక్కువ భాగం దీనికే ఇస్తున్నాను.

గడువులు ప్లీడరు పేరు చూసి ఆగవు. సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ వేయాలి. కోర్టు పొడిగిస్తే 90 రోజులు. అదీ దాటితే గట్టి కారణం చూపించి బతిమాలుకోవాల్సిందే. ఎక్స్‌పార్టీ డిక్రీ కొట్టేయించుకోవాలంటే 30 రోజుల్లో పిటిషన్ పడాలి. ఆలస్యమైతే ఎందుకైందో కోర్టుకి నమ్మకం కలిగేలా చెప్పాలి. చెక్ బౌన్స్ అయితే, చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అది వాళ్లకి అందాక 15 రోజులు చూడాలి, ఆ తర్వాత నెలలోపు కేసు వేయాలి. ఇన్ని తేదీల మధ్య మీ ఫైలు తెరిచి చదివే తీరిక ఎవరికి ఉందో వాళ్లే మీకు కావాల్సిన ప్లీడరు.

పేరున్నవాళ్లు పని చేయరని నేననడం లేదు. మా సీనియర్ గారు చాలా పేరున్నవారు. నేను జూనియర్‌గా చేరిన కొత్తలో ఒక గట్టు తగాదా కేసులో "ముందు వెళ్లి ఆ బోదె ఎటు పారుతుందో చూసి రా అమ్మా" అని నన్ను పొలానికి పంపారు. వరిచేల మధ్య చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లాను. తీరా చూస్తే వాది ప్లెయింటు షెడ్యూల్లో (దావా కాగితంలో ఆస్తి హద్దులు రాసే చోట) తూర్పు హద్దుగా రాసిన పంట బోదె పొలానికి ఉత్తరాన ఉంది. వాదిని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేసినప్పుడు మా సీనియర్ గారు ఆ బోదె గురించే నాలుగు ప్రశ్నలు వేశారు. నాలుగో దానికి అవతలి మనిషి జవాబు చెప్పలేకపోయాడు. ఆయన పేరు అలాంటి పనితో వచ్చింది. మీరు ప్లీడరుని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఆ పనినే.

ఇక "సీనియర్" అన్న మాట. మన వైపు జుట్టు నెరిస్తే సీనియర్ అంటాం. చట్టంలో సీనియర్ అడ్వకేట్ అంటే హైకోర్టో సుప్రీంకోర్టో ఆ హోదా ఇచ్చినవారు. వాళ్లు వకాలత్ వేయరు, క్లయింటు దగ్గర నేరుగా కేసు తీసుకోరు. వేరే ప్లీడరు తయారు చేసిన కేసులో వాదనకు వస్తారు. విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో పెద్ద సీనియర్‌ని దింపుతామని ఎవరైనా అంటే, సాక్షిని తయారు చేసేదెవరు, ప్రతి వాయిదాకీ ఇక్కడ నిలబడేదెవరు అని అడగండి. మీ కేసు ఆ మనిషి చేతిలోనే ఉంటుంది.

మొదటిసారి కూర్చున్నప్పుడే మొహమాటం లేకుండా అడగాల్సినవి ఉన్నాయి. ఈ కోర్టులో ఇలాంటి కేసులు చేశారా? మీరు రాలేని రోజు పిలుపుకి ఎవరు లేస్తారు? నా కేసులో బలహీనత ఏంటి? ఈ మూడోదాన్ని వదలొద్దు. కాగితాలన్నీ చూశాక కూడా "ఏమీ లేదు, మనదే" అనే ప్లీడరు కంటే, "ఈ రసీదు మీద స్టాంపు లేదు, ఇక్కడ ఇబ్బంది పడతాం" అని మొహం మీద చెప్పే ప్లీడరు మీకు మేలు చేస్తారు. ఫీజు ఎంత, ఏ దశలో ఎంత, కోర్టు ఫీజు అందులో కలిసిందా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి. గెలిస్తే వచ్చినదాంట్లో వాటా ఇమ్మనడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం తప్పు. అలా అడిగితే లేచి వచ్చేయండి.

మీ కేసుకి కోర్టు ఇచ్చే సీఎన్ఆర్ నంబరు కూడా రాయించుకోండి. అంకెలు, అక్షరాలు కలిపి 16 ఉంటాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా, పోయిన వాయిదాకి ఏమైందీ కనిపిస్తుంది. డబ్బులేం కట్టక్కర్లేదు. మీకు రాకపోతే ఇంట్లో పిల్లలు చూస్తారు. మీ ఫోన్ నంబరు మారితే అదే రోజు ఆఫీసుకి చెప్పండి. మా గుమస్తాలు పాత నంబర్లకు చేసి చేసి విసిగిపోతున్నారు.

పెద్దాయన కేసులో డిక్రీ రద్దుకీ, ఆలస్యం మాఫీకీ పిటిషన్లు వేశాం, ఈపీలో స్టే అడిగాం. కొంత డబ్బు కోర్టులో కట్టమన్నారు. కాయలు అమ్మిన డబ్బుకి ఇంకొంత అప్పు చేసి కలిపి కట్టారు. దావా మళ్లీ మొదటికొచ్చింది. రూళ్ల కాగితం మొదట్లోనే ఫైల్లో పడుంటే ఈ ఖర్చు, ఈ నిద్రలేని రాత్రులు ఉండేవి కావు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

"ఆ ప్లీడరు జడ్జి గారికి బాగా దగ్గర." కోర్టు బయట టీ బడ్డీ దగ్గర పుట్టే మాట ఇది. ఈ మాట చెప్పి డబ్బు అడిగిన మనిషి ఎవరైనా సరే, మిమ్మల్ని మోసం చేస్తున్నాడు. దీని మీద నాకు ఓపిక అయిపోయింది.

"మనోడైతే బాగా చూస్తాడు." మనోడని వెళ్లి ఫీజు అడగలేక, రసీదు అడగలేక, పని జరగకపోయినా నోరు తెరవలేక నలిగిపోయినవాళ్లని చాలామందిని చూశాను. చుట్టరికంతో వెళ్లినా పైన చెప్పిన ప్రశ్నలన్నీ అడగండి.

"ఇక్కడ పోయినా హైకోర్టులో చూసుకుందాం." సాక్ష్యం పడేది కింది కోర్టులోనే. అప్పీల్లో కొత్త సాక్ష్యం పెట్టడం చాలా అరుదు. సెకండ్ అప్పీలు హైకోర్టుకి వెళ్లినా అక్కడ చూసేది ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉందా లేదా అన్నదే.

"ప్లీడరుని మారిస్తే కేసు పోతుంది." పోదు. పాత ప్లీడరు నో అబ్జెక్షన్ రాసిస్తే కొత్త వకాలత్ వేయొచ్చు. ఇవ్వకపోతే కోర్టు అనుమతి అడగొచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకు కూర్చునే హక్కు ప్లీడరుకి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. బాకీ ఉంటే వాళ్లు వేరే దారిలో వసూలు చేసుకోవాలి. ఇదంతా క్రాస్ నడుస్తున్నప్పుడు పెట్టుకోకండి, ముందే తేల్చుకోండి.

"ఆడ ప్లీడర్లు గట్టిగా వాదించలేరు." నా ముందే నా క్లయింటు అక్క అన్న మాట ఇది. జడ్జి గారు వినేది సెక్షను, కాగితం. గొంతు ఎంత పెద్దదో కాదు.

"ఫ్రీ లాయరు పని చేయడు." ఒక తల్లి ఈ మాట నమ్మి, పిల్ల మనోవర్తి కేసుకి మెళ్లో గొలుసు తాకట్టు పెట్టింది. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. మాలాంటి ప్లీడర్లమే ఆ ప్యానెల్లో ఉంటాం. 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవాధికార కమిటీ ఆఫీసు ఎక్కడని అడగండి. వెళ్లేటప్పుడు ఆధార్, వచ్చిన నోటీసు, మీ దగ్గరున్న ప్రతి చిన్న కాగితం పట్టుకెళ్లండి. నోటీసు వచ్చిన కవరు చించి పారేయకండి. దాని మీదున్న పోస్టాఫీసు ముద్ర తేదీ మాకు కావాలి.