‘రిఫర్ చేశాం’ అన్నచోట ఆగిన ఫైలు

2025లో దివ్యాంగ పింఛన్ల పునఃపరిశీలన మొదలైనప్పటి నుంచి విశాఖలో ‘సదరం’, అంటే వైకల్య శాతం తేల్చి ఇచ్చే సర్టిఫికెట్, ఆ మాట వినపడని రోజు లేదు. శాతం ఎంత, స్లాటు ఎప్పుడు, నోటీసు ఎందుకొచ్చింది అంటూ గొడవంతా దాని చుట్టూనే. ఆరేళ్లలోపు పిల్లల సంగతినీ ఇదే గాటన కట్టేస్తున్నారు. వాళ్ల తల్లిదండ్రులు అడిగేది మాత్రం వేరు: బిడ్డలో తేడా ఉందని మీరే చెప్పారు, ఇప్పుడు మేం ఎవరిని కలవాలి?

ఈ ముడి పడింది 2013లో. ఆ ఏడాది ఫిబ్రవరి 6న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. పిల్లల్లో లోపాలను ముందే పట్టే కేంద్ర పథకం ఇది. ఆరు వారాల వరకు ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి పసికందును చూడాలి. ఆ తర్వాత ఆరేళ్ల దాకా సంచార బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. అందులో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉంటారు. మొత్తం 30 రకాల సమస్యల్లో దేని అనుమానం వచ్చినా బిడ్డను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపాలి. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, మాట, వినికిడి నిపుణులు, సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ అక్కడ ఒకేచోట దొరకాలి.

ఏర్పాటు బాగానే ఉంది. బృందం పనిని కొలిచేది మాత్రం ఎంతమందిని చూశారు, ఎంతమందిని పంపారు అన్న లెక్కలతోనే. పంపిన బిడ్డ చేరిందా, చేరితే నాలుగో వారం మళ్లీ వచ్చిందా అని వెంటపడి కనుక్కోవడం ఎవరి లెక్కలోకీ రాలేదు. డీఈఐసీకి మేనేజరు పోస్టు మార్గదర్శకాల్లో ఉంది, కానీ ఆ మనిషి అధికారం ఆరోగ్య శాఖ వరకే. మండలాల్లో వ్యాయామం చేయించే భవిత కేంద్రాలు పాఠశాల విద్య చూసే సమగ్ర శిక్షవి. అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ శాఖది. వినికిడి యంత్రం, వీల్‌చైర్ కావాలంటే విభిన్న ప్రతిభావంతుల శాఖ గుమ్మం ఎక్కాలి. నాలుగు శాఖలకూ కలిపి ఒక బిడ్డకు ఒక ఫైలు ఉండాలని 2013లో గట్టిగా రాసి ఉంటే ఇవాళ్టి గొడవ సగం ఉండేది కాదు.

శాఖల మాట ఇది: స్క్రీనింగ్ చేస్తున్నాం, చీటీ ఇస్తున్నాం, తల్లిదండ్రులే మధ్యలో మానేస్తున్నారు. మానేస్తున్న మాట నిజమే. ఎందుకు మానేస్తున్నారో చూడాలంటే ఒక్క చెవి పరీక్ష చాలు.

వినికిడి లోపాన్ని నెల లోపు అనుమానించాలి, మూడు నెలలకు తేల్చాలి, ఆరు నెలలకు యంత్రం, శిక్షణ మొదలవ్వాలి. మొదట చేసే ఓఏఈ, అంటే లోపలి చెవి స్పందన చూసే పరీక్ష, రెండు నిమిషాల పని. చెవిలో తడి ఉన్నా, జలుబు చేసినా ‘రిఫర్’ అని, అంటే మళ్లీ పరీక్షించాలని, చూపిస్తుంది. అది జబ్బు పేరేమోనని భయపడే తల్లులున్నారు. ఐసీయూలో ఉండి వచ్చిన బిడ్డకు ఓఏఈలో ‘పాస్’ అని వచ్చినా నమ్మకూడదు, శబ్దానికి వినికిడి నరం, మెదడు స్పందన చూసే బెరా పరీక్ష చేయాల్సిందే. బెరాకు బిడ్డ గాఢ నిద్రలో ఉండాలి. ఏజెన్సీలోని పాడేరు నుంచి విశాఖకు సుమారు 110 కిలోమీటర్లు, ఘాట్ దిగే బస్సులో బిడ్డ దారి పొడవునా నిద్రపోతుంది, ఆసుపత్రిలో కళ్లు తెరుస్తుంది. సిరప్ పట్టినా ఒక్కోసారి నిద్ర రాదు. ఇంకో తేదీ రాసిస్తారు. మళ్లీ బస్సు ఛార్జీ, మళ్లీ ఒక రోజు కూలి పోవడం. ‘దారిలో పడుకోనివ్వకండి, పరీక్షకు ముందు పాలు పట్టండి’ అని ముందురోజు ఒక్క ఫోను చేసి ఉంటే ఆ ప్రయాణం మిగిలేది. ఆ ఫోను ఎవరు చేయాలో ఎక్కడా రాసి లేదు.

2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా మూడు ముక్కలైంది. 1923 నాటి పెద్దాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) నగరంలోనే ఉంది, ఏజెన్సీ బిడ్డ అదే ఘాట్ దిగి వస్తోంది. కాకపోతే ఆ ఫైలు ఇప్పుడు జిల్లా సరిహద్దు కూడా దాటాలి. 2023 నవంబరు 28న కేంద్రం దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ తెచ్చింది. అందులో మూడు మెట్లు: గుర్తించడం, కుటుంబాన్ని కలుపుకోవడం, ఆశా, ఏఎన్ఎం, సంచార బృందాల ద్వారా రిఫర్ చేయడం. తిరిగి తిరిగి అదే మాట దగ్గరకు వచ్చాం.

ఇక సదరం. ఉమ్మడి రాష్ట్రంలో పింఛన్లు, రాయితీల కోసం వచ్చిన ఏర్పాటు అది. థెరపీకి ఆ కాగితం అక్కర్లేదు. అయినా ‘సదరం ఉందా అమ్మా?’ అన్నదే చాలాచోట్ల మొదటి ప్రశ్న. వైకల్య సర్టిఫికెట్ల మార్గదర్శకాల ప్రకారం మేధో వైకల్యానికి ఏడాది నిండకుండా సర్టిఫికెట్టే ఇవ్వరు. ఐదేళ్ల వరకు ఇచ్చేది కూడా ఎదుగుదల ఆలస్యం అన్న పేరుతో, తాత్కాలికంగానే. ఎనిమిది నెలలకూ మెడ నిలపని బిడ్డ తల్లి ఆ కాగితం ఎక్కడి నుంచి తెస్తుంది?

పుట్టుకతో వచ్చే వంకర పాదాల సంగతి చూస్తే థెరపీ గొడవ, సదరం గొడవ ఎక్కడ కలుస్తాయో తెలుస్తుంది. పుట్టిన కొద్ది వారాల్లోనే పొన్సేటి పద్ధతి మొదలుపెడితే వారానికొకటి చొప్పున ఐదారు పిండికట్లు, చాలామందికి మడమ వెనుక చిన్న కోత, ఆఖరి కట్టు మూడు వారాలు. పాదం చక్కగా తిరుగుతుంది. అసలు పని అప్పుడే మొదలు. కడ్డీకి బిగించిన బూట్లు మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగేళ్లు వచ్చేదాకా నిద్రలో వేయాలి. పాదం పెరిగి బూటు చిన్నదవుతుంది, వేలు ఒరుసుకుంటుంది, బిడ్డ ఏడుస్తుంది, తల్లి విప్పేస్తుంది. పెద్ద సైజు ఎక్కడిస్తారో చెప్పే మనిషి లేక అవి అటకెక్కుతాయి. రిజిస్టరులో ఆ బిడ్డ చికిత్స పొందినట్టే ఉంటుంది. కొన్నేళ్లకు పాదం మళ్లీ లోపలికి తిరిగాక, అదే బిడ్డను ఎత్తుకుని అదే తల్లి సదరం క్యాంపు వరుసలో శాతం కోసం నిలబడుతుంది.