డీటాక్స్ అయింది, ఇక మందులెందుకు? – ఫెంటనిల్‌పై అపోహలు, వాస్తవాలు

“డీటాక్స్ అయింది, ఇక మందులెందుకు?” – ఫెంటనిల్ అనే అతి బలమైన ఓపియాయిడ్‌కు (నల్లమందు తరహా మత్తుమందు) అలవాటుపడ్డ పిల్లల గురించి, అమెరికాలో ఉన్న మన తెలుగు తల్లిదండ్రులు వ్యసన చికిత్స క్లినిక్‌లో మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది. దాని వెనకే ఇంకోటి: “ఇండియా తీసుకెళ్ళి అమ్మమ్మ దగ్గర నాలుగు నెలలు ఉంచితే సరిపోదా?” వాళ్ళ భయం అర్థమవుతుంది. కానీ ఈ ఆలోచనే ప్రాణాలు తీస్తోంది.

అపోహ: ఒంట్లోంచి మత్తు దిగిపోతే జబ్బు నయమైనట్టే.

వాస్తవం: డీటాక్స్ అంటే వారం, పది రోజుల విత్‌డ్రాయల్ (మత్తు మానేసినప్పుడు వచ్చే బాధలు) దాటించడం, అంతే. దాంతో టాలరెన్స్, అంటే మత్తును తట్టుకునే శక్తి, పడిపోతుంది, కోరిక మాత్రం పోదు. అలవాటున్న రోజుల్లో తట్టుకున్న మోతాదే కొన్ని వారాల విరామం తర్వాత ఊపిరి ఆపేస్తుంది. జైలు నుంచో, రీహాబ్ నుంచో బయటికొచ్చిన మొదటి రెండు వారాలు అత్యంత ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. అమ్మమ్మ ఊళ్ళో నాలుగు నెలలు ముట్టుకోని కుర్రాడు తిరిగొచ్చేది పాత నగరానికే, పాత పరిచయాలకే. ఒంటికి అలవాటు పోయింది, చేతికి పాత మోతాదే గుర్తుంది. పైగా ఫిలడెల్ఫియా కెన్సింగ్టన్‌లోనైనా, శాన్‌ఫ్రాన్సిస్కో టెండర్‌లాయిన్‌లోనైనా ఇప్పుడు దొరికేది ఎక్కువగా ఫెంటనిల్. 2 మిల్లీగ్రాములు చాలు ప్రాణం తీయడానికి. నకిలీ మాత్రల్లో అది సమంగా కలవదు కాబట్టి ఒక మాత్రకు ఏమీ కానివాడు అదే సంచిలోని రెండో మాత్రకు పోవచ్చు.

అపోహ: బ్యూప్రినార్ఫిన్, మెథడోన్ అంటే ఒక మత్తు మాన్పించి ఇంకోటి అంటగట్టడమే.

వాస్తవం: ఇవి ఓపియాయిడ్ వ్యసనానికి డాక్టర్లు ఇచ్చే మందులు. వీటి మీద ఉన్నంతకాలం చనిపోయే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. బ్యూప్రినార్ఫిన్ ఒక స్థాయి దాటాక ఎంత వేసుకున్నా శ్వాసను ఇంకా అణచదు. అయితే నిద్రమాత్రలు, మద్యం కలిస్తే ఆ రక్షణ ఉండదు. ఎన్నాళ్ళు వాడాలన్నదానికి గడువు లేదు. బీపీ మందు ఎప్పుడు ఆపాలని అడగం కదా!

చెడేది మొదలుపెట్టే దగ్గరే. ఫెంటనిల్ కొవ్వులో పేరుకుని నెమ్మదిగా దిగుతుంది. అది ఉండగానే బ్యూప్రినార్ఫిన్ వేస్తే ఒక్కసారిగా తీవ్రమైన విత్‌డ్రాయల్ ముంచుకొస్తుంది. ఆ అనుభవంతో “ఈ మందు నాకు పడదు” అని మళ్ళీ రారు. అందుకే ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్ళు గగుర్పొడవడం, కనుపాపలు పెద్దవవడం కనిపించేదాకా ఆగాలి. ఫెంటనిల్ వాడేవారికి ఇది 24 గంటలు దాటవచ్చు. అప్పుడు 2 నుంచి 4 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, చూసుకుంటూ పెంచాలి. చాలామంది రోజుకు 16–24 మిల్లీగ్రాముల దగ్గర కుదురుకుంటారు. ఆగలేనివారికి అర మిల్లీగ్రాముతో రోజుల తరబడి పెంచుకుంటూ పోయే పద్ధతీ ఉంది. ఫిల్మ్‌ను (ఈ మందు ఉండే పలుచని పొర) నాలుక కింద పూర్తిగా కరగనివ్వాలి, మింగితే చాలావరకు వృథా. కరిగాక నీళ్ళు పుక్కిలించి, గంట ఆగి పళ్ళు తోముకోవాలి.

“స్పెషలిస్టు దొరకలేదు” అన్నది పాత మాట. బ్యూప్రినార్ఫిన్ రాయడానికి కావాల్సిన ప్రత్యేక అనుమతిని 2022 డిసెంబర్ చివర్లో ఎత్తేశారు. షెడ్యూల్ 3 (ప్రభుత్వ నియంత్రణలో ఉన్న ఒక తరగతి) మందులు రాసే అధికారమున్న మామూలు ఫ్యామిలీ డాక్టరే రాయవచ్చు. వ్యసనానికి మెథడోన్ ఇప్పటికీ లైసెన్సున్న క్లినిక్ నుంచే తెచ్చుకోవాలి. రోజూ క్యూలో నిలబడలేక మానేసినవాళ్ళెందరో! 2024 ఫెడరల్ నిబంధనల ప్రకారం 28 రోజుల మందు దాకా ఇంటికి ఇవ్వవచ్చు, కానీ రాష్ట్రమూ క్లినిక్కూ ఒప్పుకోవాలి.

అపోహ: నార్కాన్ (ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కు విరుగుడుగా ముక్కులో కొట్టే స్ప్రే) కొట్టినా లేవలేదంటే పని చేయనట్టే.

వాస్తవం: చూడాల్సింది మెలకువ కాదు, ఊపిరి. ఫిలడెల్ఫియా సరుకులో జైలజిన్, ఈమధ్య మెడెటోమిడిన్ అనే పశువైద్య మత్తుమందులు కలుస్తున్నాయి. ఇవి ఓపియాయిడ్లు కావు, నార్కాన్‌కు లొంగవు. ఊపిరి తిరిగొచ్చాక కూడా మనిషి గంటల తరబడి మత్తులోనే ఉండవచ్చు. ఊపిరి ఆడుతుంటే స్ప్రే మీద స్ప్రే కొట్టొద్దు.

ఓవర్‌డోస్ అయితే ముందు 911కు ఫోన్. వెల్లకిలా పడుకోబెట్టి 4 మిల్లీగ్రాముల స్ప్రే ఒక ముక్కు రంధ్రంలో పూర్తిగా నొక్కండి. పనిచేస్తుందా అని గాల్లో నొక్కి చూడకండి, అందులో ఉండేది ఒక్క డోసే. తల వెనక్కి వంచి, 5 సెకన్లకొకసారి నోటితో ఊపిరి అందించండి. 2–3 నిమిషాల్లో ఊపిరి రాకపోతే రెండో స్ప్రే రెండో రంధ్రంలో. లేచి కూర్చున్నా వదిలేయొద్దు: నార్కాన్ ప్రభావం 30–90 నిమిషాల్లో తగ్గుతుంది, ఫెంటనిల్ ఇంకా లోపలే ఉండవచ్చు.

మిగతావి: ముట్టుకుంటే ఫెంటనిల్ ఎక్కేయదు. ఇంట్లో నార్కాన్ ఉంటే వాడకం పెరగదు. 2023 నుంచి దాన్ని ప్రిస్క్రిప్షన్ లేకుండానే అమ్ముతున్నారు. అమెరికాలో ఓవర్‌డోస్ మరణాలు 2023లో దాదాపు 1,05,000, 2024లో సుమారు 80,000. తగ్గాయనే నిధులు కోస్తామంటే అది వేరే తెలివి.

911కు ఫోన్ చేస్తే వీసా పోతుందేమోనని రూమ్మేట్లు వణుకుతారు. చాలా రాష్ట్రాల్లో గుడ్ సమారిటన్ చట్టాలున్నాయి. సాయం కోసం ఫోన్ చేసినవారికి, చిన్న మొత్తంలో మత్తుమందు దగ్గరున్న కేసుల నుంచి ఎంతోకొంత రక్షణ ఇస్తాయి. అవి రాష్ట్ర చట్టాలు, ఇమ్మిగ్రేషన్‌ను కట్టడి చేయవన్నదీ నిజమే. అయినా ముందు ఫోన్ చేయండి, లాయర్‌ని తర్వాత చూసుకోవచ్చు.

ఇండియాలో ఉన్న కుటుంబాలు మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయవచ్చు. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరులకు, చిన్న మొత్తం కేసుల్లో, ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు రద్దు కావచ్చు.