పాత పిల్లల పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో తెలుగు పిల్లల కోసం నడిచే ఒక చిన్న గ్రంథాలయంలో కథలు చదివి వినిపించడం నా పని. పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రుల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: పాత పుస్తకాలు పెద్దవాళ్ల జ్ఞాపకాల మీదే బతుకుతున్నాయి.

వాస్తవం: కొనేది పెద్దవాళ్లే కావచ్చు, మళ్లీ మళ్లీ చదివించుకునేది మాత్రం పిల్లలే. ‘చందమామ’ పిల్లల పత్రిక 1947 జూలైలో ఈ ఊళ్లోనే పుట్టిందని ఏడేళ్ల పిల్లకు తెలియదు. దాన్ని స్థాపించిన నాగిరెడ్డి, చక్రపాణి ఎవరో అంతకన్నా తెలియదు. అయినా బేతాళ కథ తీయగానే దగ్గరికి జరిగి కూర్చుంటుంది. ఆ కథల అల్లిక చూడండి. ఎప్పుడూ ఒకటే ఎత్తుగడ: విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుని, మౌనంగా శ్మశానం వైపు నడుస్తాడు. రెండు మూడు కథలు విన్నాక ఆ మాటలు నాకంటే ముందు పిల్లలే అనేస్తారు. ఆ తర్వాత వచ్చేది శవంలోని బేతాళుడు చెప్పే కొత్త కథ, దాని చివర ఒక చిక్కు ప్రశ్న. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. సరిగ్గా అక్కడ నేను పుస్తకం మూస్తాను. ఇక చూడాలి వాళ్ల వాదన! రాజు తీర్పే తప్పని పట్టుబట్టే పిల్లలంటే నాకెంతో ఇష్టం. మూలంలో ఆ కథలు 25 మాత్రమే. అదే అల్లికలో ‘చందమామ’ దశాబ్దాల పాటు కొత్త కథలు చెప్పగలిగింది.

అపోహ: పాత కథలో అక్షరం కూడా మార్చకూడదు.

వాస్తవం: మారుతూ వచ్చాయి కాబట్టే నిలిచాయి. జర్మనీలో జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు 1812లో మొదలుపెట్టిన తమ కథలను 1857 దాకా దిద్దుతూనే ఉన్నారు. మంచులాంటి తెల్లని రాకుమారి ‘స్నో వైట్’ను చంపించబోయిన రాణి మొదటి ముద్రణలో కన్నతల్లే. 1819 ముద్రణలో సవతి తల్లి అయింది. మన పంచతంత్రం సంగతీ అంతే. 1853 నాటి చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ గ్రాంథికంలో ఉంటుంది. అది నాకు ప్రాణం. అయినా అయిదేళ్ల పిల్లవాడికి ఆ నక్క, ఆ ఎద్దు వాడుక భాషలోనే మాట్లాడాలి.

అపోహ: నీతి లేని కథ దండగ.

వాస్తవం: నీతి కోసం ఏ పిల్లా అదే కథ మళ్లీ అడగదు. కథ అయిపోగానే “దీన్నుంచి ఏం నేర్చుకున్నావు?” అని పరీక్ష పెట్టకండి, దయచేసి.

అపోహ: మావాడు బడిలో తమిళం, ఇంగ్లిషు చదువుతున్నాడు. తెలుగు అక్షరాలే రానప్పుడు తెలుగు పుస్తకం ఎందుకు?

వాస్తవం: వినడానికి అక్షరాలు రానక్కర్లేదు. చూడటానికీ అంతే. ఒక చేత కత్తి, భుజాన శవంతో నడిచే విక్రమార్కుడి బొమ్మను ‘చందమామ’ చిత్రకారుడు శంకర్ ఎలా గీశారో పిల్లవాడికి చూపించి, “ఇతను ఎక్కడికి వెళ్తున్నాడు?” అని అడగండి. మాటలు వాటంతట అవే వస్తాయి. తర్వాత వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాల కింద వేలు నడుపుతూ చదవండి. అయిపోయాక మళ్లీ అదే కథ కావాలంటే, కొత్త పుస్తకం చేతిలో పెట్టకుండా మళ్లీ అదే చదవండి.