చెక్క గులాబీ ఏ చెట్టుదంటే

చిన్నారులూ,

పార్సిల్లో దూది చుట్టి పెట్టిన చెక్క గులాబీ విరక్కుండానే చేరిందనుకుంటా. దాన్ని ఏ శిల్పీ చెక్కలేదర్రా. మనాలీలో హిడింబాదేవి గుడి చుట్టూ ఉన్న అడవిలో నేల మీద పడి ఉంటే ఏరి తెచ్చాను. అది దేవదారు కాయ కొస.

కాయ అని మాటవరసకే అంటున్నాను. ఈ జాతి చెట్లకి పువ్వూ పండూ ఉండవు, శంకువులే. దేవదారు శంకువు బెత్తెడు పొడవున, చిన్న పీపాలా కొమ్మ మీద నిటారుగా కూర్చుంటుంది. పైన్ శంకువైతే గింజలు వదిలేశాక మొత్తంగా కింద పడుతుంది. ఇది అలా రాలదు. దాదాపు ఏడాది ముదిరి, చెట్టు మీదే రేకు రేకుగా ఊడిపోతుంది. రెక్కలున్న గింజలు గాలికి ఎగిరిపోతాయి, కొమ్మ మీద నడిమి పుల్ల ఒక్కటే మిగులుతుంది. పైకొస రేకులు మాత్రం ఒకదాన్నొకటి వదలక కలిసి రాలతాయి. మీ చేతిలో ఉన్నది అదే.

రెమ్మ కూడా పెట్టాను చూడండి. ఆకులు సూదుల్లా ఉంటాయి. పొట్టి కణుపుల దగ్గర ఇరవై ముప్పై సూదులు కుంచెలా గుత్తిగా వస్తాయి. నేను లెక్కపెట్టిన గుత్తిలో 27 ఉన్నాయి, మీకెన్ని వస్తాయో చూడండి. అన్నీ ఒక్కసారి రాల్చదు కాబట్టి మంచులోనూ పచ్చగానే ఉంటుంది.

అఫ్గానిస్తాన్ నుంచి కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ మీదుగా పశ్చిమ నేపాల్ దాకా, సుమారు 1500 నుంచి 3200 మీటర్ల ఎత్తులో దీని కాపురం. యాభై మీటర్లు కూడా పెరుగుతుంది. పాకిస్తాన్‌కి జాతీయ వృక్షం, హిమాచల్‌కి రాష్ట్ర వృక్షం. పేరు చూసి మోసపోకండి: మన కొండల్లో దేవదారి అనే చిన్న చెట్టు వేరు, బెంగాలీలు దేబ్‌దారు అనే పొడుగాటి అశోకం వేరు.

డబ్బా అడుగున చెక్కముక్క ఉంది. గోటితో గీరి వాసన చూడండి. ఆ ఘాటంతా కలపలోని నూనెది. చెదకీ బూజుకీ అది పడదు, అందుకే తడి తగిలినా ఈ కలప ఓ పట్టాన పుచ్చదు. ఈ కలప వాడే హిడింబ గుడి కట్టారు, 1553లో. శ్రీనగర్ జామా మసీదులో మూడు వందలకు పైగా దేవదారు స్తంభాలున్నాయి. దాల్ సరస్సులో తేలే హౌస్‌బోట్లూ ఈ కలపవే. హిమాచల్ పల్లెల్లో ఒక వరస రాయి, ఒక వరస దేవదారు దూలం పేర్చి, మూలల్లో దూలాలు ఒకదానిలో ఒకటి బిగించి గోడ లేపుతారు. కాఠ్‌కుణి అంటారు. సున్నం, సిమెంటు ఏమీ ఉండవు. భూమి కంపిస్తే గోడ కాస్త కదిలి సర్దుకుంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ గోడే.

ఆ నూనెని పశువుల గిట్టలకి పురుగు పట్టకుండా రాస్తారు. ఆయుర్వేదంలో చెక్కనీ వాడతారు. మీరు మాత్రం రుచి చూడబోకండి!

కాళిదాసు కావ్యం రఘువంశం రెండో సర్గలో ఒక దేవదారుంది. శివుడు దాన్ని కొడుకులా చూసుకున్నాడు, పార్వతి బంగారు కుండలతో నీళ్ళు పోసింది. ఒక అడవి ఏనుగు దురదకి ఒళ్ళు రాసుకుంటే దాని బెరడు ఊడింది. పార్వతి అల్లాడిపోయింది. దాంతో శివుడు చెట్టుకి సింహాన్ని కాపలా పెట్టాడు. పంతొమ్మిదో శతాబ్దంలో తెల్లవాళ్ళు రైలు పట్టాల కింద పరిచే స్లీపర్ల కోసం దేవదార్లను నరికి, దుంగల్ని నదుల్లోకి తోసి మైదానాలకి దించుకున్నారు. అప్పుడు ఏ సింహమూ రాలేదు. 1864లో అటవీ శాఖ వచ్చింది. అదీ చెట్టు మీద జాలితో కాదు, కలప అయిపోతుందన్న దిగులుతో.

గులాబీకి రేకు ఊడితే పారేయకండి, జిగురు పెడితే నిలుస్తుంది. సూదులెన్నో జాబులో రాయండి.

మీ తాతయ్య