మామిడి పంగలో గిన్నె

చిత్తూరు జిల్లాలో ముసలి మామిడి చెట్టును కొట్టినప్పుడు తిన్నని మొద్దు కోత మిల్లుకు వెళుతుంది. కొమ్మలు చీలే పంగ ఎక్కువగా వంటచెరకవుతుంది. పలకలు కోసేవారికి అది పనికిరాదన్న మాట నిజమే. కానీ చెట్టు మొత్తంలో చూడదగ్గ చెక్క అదే. రెండు కొమ్మల బరువును మోయడానికి అక్కడ నారలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి అల్లుకుంటాయి. రెండు కొమ్మల బెండూ, అంటే కొమ్మ నడిమధ్యలోని మెత్తని భాగం, తెగేలా నిలువునా కోస్తే, నెమలి పింఛం విప్పినట్టు చారలు బయటపడతాయి.

శేషాచలం ఎర్రచందనంలో అలల్లాంటి నారకు గిరాకీ ఎక్కువ. 1995 నుంచి ఆ చెట్టు అంతర్జాతీయ వ్యాపారం, అంతరించే ప్రమాదమున్న చెట్లు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం నియంత్రణలో ఉంది, అయినా దొంగ నరుకుడు ఆగలేదు. అందమైన నార కోసం ఆ అడవి మీద పడనక్కర్లేదు, తోటలోనే దొరుకుతుంది.

పంగ చెక్కను లేత్ మీద, అంటే చెక్కను గిర్రున తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం మీద, గిన్నెగా తిప్పాలంటే పచ్చిగా ఉన్నప్పుడే తిప్పాలి. పచ్చి చెక్కలో కణాల బోలులో కొంత నీరు, కణాల గోడల్లో కొంత నీరు ఉంటుంది. గోడల్లో తడి ఉన్నంతకాలం నార మెత్తగా ఉండి, ఉలికి పొడవాటి పొరలుగా తెగి వస్తుంది. ఆరేటప్పుడు ముందుగా పోయేది బోలులోని నీరు, దానితో కొలతలు మారవు. ఎండు చెక్క బరువులో తేమ సుమారు 30 శాతానికి దిగాకే గోడల నీరు కదులుతుంది. ముడుచుకోవడం అప్పుడే మొదలవుతుంది.

ఆ ముడుత అన్ని వైపులా ఒకేలా ఉండదు. నార పొడవునా అది 0.1 నుంచి 0.2 శాతమే. వయసు వలయాల వెంబడి మాత్రం, బెండు నుంచి బెరడు వైపుకు ఉండేదానికి దాదాపు రెట్టింపు. 30 సెంటీమీటర్ల గిన్నె అడ్డంగా 6 శాతం ముడుచుకుంటే దాదాపు 2 సెంటీమీటర్లు తగ్గుతుంది, నార వెంబడి ఒక మిల్లీమీటరు కూడా తగ్గదు. గుండ్రని గిన్నె కోలగా మారడానికి కారణం ఇదే. పంగలో నార దిశ అంగుళం అంగుళానికీ మారుతుంది కనుక, ఒక్కో చోటు ఒక్కో వైపుకు లాగుతుంది, రెండు కొమ్మలు కలిసిన గీత దగ్గర పగులు పడుతుంది. అందుకే బెండును పూర్తిగా తీసేయాలి, రెండు కొమ్మల మధ్య ఇరుక్కున్న బెరడు కనిపిస్తే ఆ ముక్కను వదులుకోవాలి.

గిన్నె గుండ్రంగానే కావాలనుకునేవారు అంచు మందాన్ని వ్యాసంలో పదో వంతు ఉంచి, కొన్ని నెలలు ఆరనిచ్చి మళ్లీ తిప్పుతారు. నాకు మాత్రం మొదటిసారే పలుచగా తిప్పి వంకరపోనివ్వడమే ఇష్టం. మందపు గోడ పగిలే చోట పలుచని గోడ వంగుతుంది, ఆ వంపులో పంగ నడక కంటికి కనిపిస్తుంది. మందం మాత్రం అంచు నుంచి అడుగు దాకా ఒకేలా ఉండాలి.

తిరుపతి ఎండాకాలపు వడగాలిలో దాన్ని బయట పెట్టకూడదు. నార కొసలు తేలిన చోటు మిగతా చెక్క కంటే చాలా వేగంగా ఆరి చీలుతుంది. అక్కడ మైనం పూసి, తిప్పినప్పుడు రాలిన పొరల మధ్యే గిన్నెను కాగితం సంచిలో ఉంచాలి. వారానికోసారి తూచి బరువు రాసుకోవాలి. వరుసగా కొన్ని వారాలు బరువు మారకపోతే ఆరినట్టే, నూనె పట్టించవచ్చు.