ఫెల్ట్ కళ: ఉన్ని గురించి, స్ఫూర్తి గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

ఫెల్ట్ బొమ్మను చూసినవారికి ముందుగా దాన్ని ముట్టుకోవాలనిపిస్తుంది. ఆ తర్వాతే ప్రశ్నలు మొదలవుతాయి. దీన్ని కుట్టారా, అల్లారా? లోపల దూది ఉందా? ఈ ఆలోచన ఎలా వచ్చింది? ఇందులో కుట్టు లేదు, అల్లిక లేదు, అసలు దారమే లేదు. విడివిడిగా ఉన్న ఉన్ని పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుపడేలా చేసి, ఆ చిక్కును బిగిస్తూ ఆకారం తెస్తాం. నీళ్లతో, సబ్బుతో చేసేది తడి ఫెల్టింగ్. గాట్లున్న సూదితో గుచ్చుతూ చేసేది సూది ఫెల్టింగ్. నేను రెండూ చేస్తాను.

పని గురించిన అపోహలనూ, స్ఫూర్తి గురించిన అపోహలనూ ఇక్కడ కలిపే రాస్తున్నాను. ఏ బొమ్మ చేయాలన్న ఆలోచన నా మనసులో ఎంత పుడుతుందో, చేతిలోని ఉన్నిలోనూ అంతే పుడుతుంది. వాటిని విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

అపోహ: వేడినీళ్లలో వేస్తే ఉన్ని ఫెల్ట్ అయిపోతుంది.

వేడి సాయం మాత్రమే చేస్తుంది. అసలు పని కదలికది. ఉన్ని పోగును సూక్ష్మదర్శినిలో చూస్తే, పెంకుటింటి మీద పెంకులు పరచినట్టు పైపొరంతా పొలుసులు కనిపిస్తాయి. వాటి అంచులన్నీ పోగు కొసవైపు తిరిగి ఉంటాయి. అందువల్ల పోగు మొదలువైపు సులువుగా జారుతుంది, కొసవైపు లాగితే పట్టేస్తుంది. తడిపి, సబ్బు రాసి రుద్దుతూ ఉంటే ప్రతి పోగూ తన మొదలు దిశలో కొద్దికొద్దిగా పాకుతుంది కానీ వెనక్కి రాలేదు. లెక్కలేనన్ని పోగులు తలో దిక్కుకూ పాకి ఒకదాన్నొకటి బిగించుకుంటే అదే ఫెల్ట్. కదపకుండా వేడినీళ్లలో ఉంచి మెల్లగా తీసిన ఉన్ని దాదాపు ఉన్నట్టే ఉంటుంది. ఉన్నికి రంగులద్దేవారు మరుగుకు దగ్గరి వేడిలోనే అద్దుతారు, కలియబెట్టకుండా జాగ్రత్తపడతారు.

మరి వానలో తడిసే గొర్రె ఒంటిమీది ఉన్ని ఎందుకు ఫెల్ట్ కాదు? పిల్లలు అడిగే ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఒంటిమీద పోగుల మొదళ్లు చర్మంలో పాతుకుని ఉంటాయి. అన్నీ ఒకే దిశలో పెరుగుతాయి. పైగా లానోలిన్ అనే జిడ్డు వాటిని కప్పి ఉంచుతుంది. అయినా కొన్నిసార్లు, ముఖ్యంగా చిక్కిపోయిన గొర్రెల్లో, ఉన్ని చర్మానికి దగ్గరగా అట్టకడుతుంది.

తడి ఫెల్టింగ్‌లో ముక్క మూడో వంతు కుంచించుకుపోవడం మామూలే. అందుకే నమూనాను ముందే పెద్దగా వేసుకుంటాం. కుంచించుకునే క్రమంలో గీతలు వంకర తిరుగుతాయి, రెండు రంగుల మధ్య హద్దు చెదురుతుంది. ఈ చెదరడం కోసమే పొగమంచు, ఏటి ఒడ్డు, తడి రాతి మీది నాచు వంటివాటిని తడి పనికి ఎంచుకుంటాను. కచ్చితమైన అంచు కావాలనుకున్న రోజు సూది పట్టుకుంటాను.

అపోహ: ఏ ఉన్నితోనైనా చేయవచ్చు.

మెరినో అనే జాతి గొర్రెల ఉన్ని పోగు మందం సుమారు 17 నుంచి 24 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తడి పనిలో అది అందంగా బిగుస్తుంది. అదే మెరినోను, పోగులన్నీ ఒకే వరుసలో ఉండేలా దువ్విన పట్టీగా తెచ్చి సూదిబొమ్మ లోపలి భాగానికి వాడితే ఎంత గుచ్చినా మెత్తమెత్తగానే ఉంటుంది, సూది రంధ్రాలు పైకి కనిపిస్తాయి. లోపలి భాగానికి కాస్త ముతకగా, పోగులు అటూఇటూ తిరిగి ఉన్న ఉన్ని కావాలి. సఫోక్ వంటి కొన్ని జాతుల ఉన్ని తడి ఫెల్టింగ్‌కు ఓ పట్టాన లొంగదు. యంత్రంలో ఉతకవచ్చని అమ్మే సూపర్‌వాష్ ఉన్ని అయితే తడి పనికి అసలు పనికిరాదు. క్లోరిన్‌తో దాని పొలుసులను అరగదీసి, సాధారణంగా పైన పాలిమర్ పూత కూడా వేస్తారు. ఇక ఫెల్ట్ పేరుతో దొరికే రంగురంగుల పలుచని షీట్లలో చాలావరకు యాక్రిలిక్, పాలిస్టర్ తప్ప ఉన్ని ఉండదు.

అపోహ: గట్టిగా గుచ్చితే త్వరగా గట్టిపడుతుంది.

గట్టిగా గుచ్చితే సూది విరుగుతుంది. ఫెల్టింగ్ సూది అంచుల వెంట చిన్న గాట్లుంటాయి. లోపలికి దిగేటప్పుడు అవి పోగులను లాక్కుపోతాయి, పైకి వచ్చేటప్పుడు అక్కడే వదిలేస్తాయి. కాబట్టి బలం కన్నా కోణం ముఖ్యం. సూది ఏ దారిన దిగిందో ఆ దారినే పైకి రావాలి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది: 36 ముతకది, 38 మధ్యరకం, 40 పైపనికి. ఈ సూదులు మొదట ఫ్యాక్టరీ యంత్రాల కోసం తయారయ్యాయి. 1980లలో అమెరికాలో ఎలినార్, డేవిడ్ స్టాన్‌వుడ్ దంపతులు వాటిని చేతిపనిలోకి తెచ్చారు.

అపోహ: ఇది పిల్లల బొమ్మల పని, ఈమధ్య వచ్చిన సరదా.

చేతిలో సూది పట్టి చేయడం కొత్తదే. ఫెల్ట్ మాత్రం చాలా పాతది. సైబీరియాలోని ఆల్టాయ్ పర్వతాల్లో పజీరిక్ అనే చోట ఉన్న ప్రాచీన సమాధుల్లోకి నీరు చేరి గడ్డకట్టడంతో, మరెక్కడైనా కుళ్లిపోయే ఉన్ని రెండు వేల ఏళ్లకు పైగా నిలిచింది. పురావస్తు శాస్త్రవేత్త సెర్గీ రుడెంకో 1940ల చివర్లో తవ్వించిన అయిదో సమాధిలో సుమారు నాలుగున్నర మీటర్ల ఎత్తు, ఆరున్నర మీటర్ల వెడల్పున్న ఫెల్ట్ తెర దొరికింది. దానిమీద ఆసనంపై కూర్చున్న ఒక దేవత, ఆమె ఎదుట గుర్రపు రౌతు కనిపిస్తారు. అక్కడే ఫెల్ట్‌తో చేసిన హంసలూ దొరికాయి. ఇప్పుడవి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి ఫోటోలు చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: మెడ వంపు కోసం ఆ చేతులు పడిన తాపత్రయం ఇప్పుడు నేను పడుతున్నదే.

కిర్గిజ్‌స్థాన్ మహిళలు చేసే అలా-కియిజ్, షిర్‌దక్ అనే ఫెల్ట్ తివాచీల కళను 2012లో యునెస్కో అత్యవసరంగా కాపాడుకోవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆధునిక శిల్పకళలోనూ ఫెల్ట్‌కు చోటుంది. 1960ల చివర్లో అమెరికన్ శిల్పి రాబర్ట్ మోరిస్ మందపాటి ఫెల్ట్‌ను బారుగా కోసి గోడకు వేలాడదీశాడు. తుది ఆకారాన్ని బరువుకు, వాలుకు వదిలేశాడు. పదార్థానికి అంత స్వేచ్ఛ ఇచ్చిన ఆ పనులంటే నాకు గౌరవం.

అపోహ: గొప్ప పని వెనుక గొప్ప సంఘటన ఉండాలి.

ఈ నమ్మకం బలపడటంలో జర్మన్ కళాకారుడు జోసెఫ్ బాయిస్ పాత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో క్రిమియాలో తన విమానం కూలినప్పుడు అక్కడి తాతార్ తెగవారు తన ఒంటికి కొవ్వు రాసి, ఫెల్ట్‌లో చుట్టి బతికించారని ఆయన చెప్పేవాడు. విమానం కూలిన మాట నిజం. కానీ ఆయనను జర్మన్ గాలింపు బృందమే కాపాడిందని రికార్డులు చెబుతున్నాయి. కథ ఎలా ఉన్నా, ఫెల్ట్‌తో చేసిన 1970 నాటి ఆయన కళాకృతి ‘ఫెల్ట్ సూట్’ ముందు ఆ వెచ్చదనం, ఆ ఒంటరితనం మనకు తెలుస్తాయి. ఆ శక్తి ఫెల్ట్‌ది. విమానం కూలకపోయినా అది అలాగే ఉండేది.

నా బొమ్మల వెనుక అంత పెద్ద కథలేవీ లేవు. మా అమ్మకు ఒక చెవి సరిగా వినబడదు. ఎవరైనా మాట్లాడితే తల కాస్త పక్కకు తిప్పి, గడ్డం కొంచెం ఎత్తి వింటుంది. నేను చేసే గుడ్లగూబలన్నిటికీ ఆ తల తిప్పుడే ఉంటుంది. కొన్నవారికి ఆ సంగతి తెలియదు. అయినా ‘ఇది ఏదో వింటున్నట్టుంది’ అంటారు.

ఎక్కువ నేర్పింది మాత్రం మా ముసలి కుక్క. దాని రంగు ఏమిటని అడిగితే ఇంట్లో అందరం గోధుమరంగు అనే చెప్పేవాళ్లం. బొమ్మ చేద్దామని ఉన్ని ముందు వేసుకుంటే ఆ రంగు ఎక్కడా లేదు. ఉన్ని పోగులు నీటిరంగుల్లా కలిసిపోవు. నలుపునూ తెలుపునూ కలిపి ఎంత దువ్వినా దగ్గరి నుంచి నల్ల పోగూ తెల్ల పోగూ విడిగానే కనిపిస్తాయి, కొంచెం దూరం జరిగితేనే కంటికి బూడిదరంగు తోస్తుంది. జంతువు చర్మం మీద వెంట్రుకలు ఉండే తీరూ ఇదే. దాంతో కుక్కను మళ్లీ కొత్తగా చూడాల్సి వచ్చింది. వీపు మీద ఇటుకరంగు, దాని మధ్య నల్లని కొసలు, మెడ కింద పాలిపోయిన పసుపు. మూతి నెరుపు ముక్కు దగ్గర మొదలై కళ్ల వైపు పలుచబడుతూ పోయేది. ఫోటోలో ఇదంతా ఒకే మరకలా ఉంది. ఫోటో కొలతలకు పనికొస్తుంది, కళ్ల మధ్య దూరం చెబుతుంది. చెవి వెనుక వెంట్రుకలు ఏ దిశలో వాలతాయో చేయి వేసి నిమిరినవారికే తెలుస్తుంది. స్ఫూర్తి ఎక్కడి నుంచి వస్తుందని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఇదే: ఉన్ని నన్ను మళ్లీ చూడమంటుంది, చూశాక చేయకుండా ఉండలేను.

అపోహ: పెంపుడు జంతువు బొమ్మను దాని వెంట్రుకలతోనే చేయించుకోవచ్చు.

ప్రాణంగా పెంచుకున్న జంతువును పోగొట్టుకున్నవారు చిన్న సంచిలో వెంట్రుకలు దాచి తెస్తారు. వాళ్లకు నిజం చెప్పాలి. కుక్క, పిల్లి పైవెంట్రుకలు తిన్నగా, నున్నగా ఉంటాయి, పొలుసులు ఉన్నిలో అంతగా పైకి లేచి ఉండవు. ఉన్ని కలపకుండా అవి మాత్రమే అయితే పట్టు నిలవవు. దువ్వినప్పుడు వచ్చే మెత్తని లోవెంట్రుకలను ఉన్నితో కలిపి దువ్వితే పైపొరకు చక్కగా వాడుకోవచ్చు. లోపలి ఆకారం ఉన్నితోనే కట్టాలి. కొద్దిగానే ఉంటే ఛాతీ భాగంలో వేస్తాను. అక్కడ వేశానని వాళ్లకు చూపిస్తాను.

అపోహ: తప్పు జరిగితే బొమ్మ పోయినట్టే.

సూది పనిలో చాలావరకు సరిచేయవచ్చు. ముక్కు పొట్టిగా ఉంటే ఉన్ని చేర్చండి, ఎక్కువైతే కత్తెరతో తీసి పైన పలుచని పొర కప్పండి. తడి పనిలో బిగిసిపోయిన ముక్కను మాత్రం పోగులుగా విప్పలేం.

అపోహ: ఉన్ని బొమ్మలు ఎక్కువకాలం ఉండవు.

పజీరిక్ హంసల తర్వాత ఈ మాటకు జవాబు అక్కరలేదు గానీ, జాగ్రత్తలు మాత్రం కావాలి. బాయిస్ ఫెల్ట్ సూట్ ప్రతుల్లో లండన్‌లోని టేట్ మ్యూజియం దగ్గర ఉన్నదాన్ని చిమ్మెటలు పాడుచేశాయి, చివరకు దాన్ని సేకరణ నుంచి తీసేశారు. ఎగిరే చిమ్మెట ఉన్ని తినదు. అది పెట్టిన గుడ్ల నుంచి వచ్చే పురుగులే ఉన్నిలోని కెరటిన్ అనే ప్రోటీన్‌ను తింటాయి. చీకటి, కదలిక లేని చోటు, మురికి వాటికి ఇష్టం. అందుకే బొమ్మను పెట్టెలో దాచి మరచిపోకండి. వెలుతురున్న గదిలో, నేరుగా ఎండ పడని చోట పెట్టి, అప్పుడప్పుడు మెత్తని బ్రష్షుతో దులపండి. ఎండ తగిలితే రంగులు వెలిసిపోతాయి. లావెండర్ సంచుల మీద ఆధారపడకండి, పట్టిన పురుగును ఆ వాసన చంపలేదు. పురుగు పట్టిందని అనుమానమొస్తే బొమ్మను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పవద్దు, లేకపోతే బొమ్మ మీద చెమ్మ చేరుతుంది.